తడిబట్టల బరువు

లేడీ బారన్,
ఫ్లిండర్స్ దీవి.
మే, 1979

తమ్ముడు క్లైవ్‌కి,

నువ్వు తయారుచేసిచ్చిన కంచరగాడిద మొరాయించింది. బట్టలు ఉతుకుతుంది, నీళ్ళు బయటికి వదిలేస్తుంది, తీరా పిండాల్సిన వేళకి డ్రమ్ము తిరగదు. లోపల ఏదో మూలుగుతుంది, అంతే. మూత తీసి చూస్తే దుప్పట్లు నీళ్ళు కారుతూ, అలిగిన పిల్లల్లా ముడుచుకుని పడి ఉంటాయి.

మా ఆయన చనిపోయిన ఏడాది, రెండు పాత వాషింగ్ మెషిన్లని కలిపి ఒకటి చేశానని గొప్పలు చెప్పుకుంటూ దాన్ని ఓడ మీద తెచ్చి, నా వెనక గదిలో బిగించి వెళ్ళావు. మొన్న వైట్‌మార్క్ నుంచి మోటార్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. వెనక రేకు ఊడదీసి చూసి, "ఇదేం జాతండీ, థెల్మా గారూ?" అని నవ్వి, టీ తాగి, రెండు కేకు ముక్కలు తిని వెళ్ళిపోయాడు. కాబట్టి దీని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడివి నువ్వొక్కడివే.

చలికాలం వచ్చేసింది. పడమటి గాలి సముద్రం మీంచి ఉప్పు మోసుకొస్తోంది. దండెం మీద వేసినవి ఆరేలోపలే వాన. నీళ్ళోడుతున్న బట్టలు ఎన్నాళ్ళని ఆరతాయి? చేత్తో పిండీ పిండీ నా మణికట్లు వాచాయి. నిన్న దుప్పటి ఒక కొస తలుపు గడియకి కట్టి, రెండో కొస పట్టుకుని మెలిపెడుతుంటే అమ్మ గుర్తొచ్చింది. స్కాట్స్‌డేల్‌లో మన సోమవారాలు నీకు గుర్తున్నాయా? తెల్లవారకముందే రాగి కాగు కింద పుల్లలు ఎగదోసేదాన్ని. ఇల్లంతా సబ్బు ఆవిరి, నీలిమందు వాసన. అమ్మ ఆ పెద్ద కర్రతో తీసి అందించడం, నేను రెండు చెక్క రోలర్ల మధ్యకి బట్ట తోయడం, నువ్వు పిడి తిప్పడం. ఆటకి వెళ్ళనివ్వలేదన్న ఉక్రోషంతో ఓ సోమవారం నాన్న ఆదివారపు చొక్కాని బొత్తాలు లోపలికి మడవకుండానే తిప్పేశావు. బొత్తాలు పేలాల్లా ఎగిరాయి. అమ్మ నిన్ను కొట్టలేదు. సూదీ దారం నీ చేతికిచ్చి కూర్చోబెట్టింది. చేతిపని నీకు అలా అబ్బిందని నేను అందరికీ చెబుతుంటాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఎక్స్ఛేంజిలో కూర్చునే మేవిస్ ప్రతి మాటా వింటుంది. నువ్వేమో "ఊ, ఊ" తప్ప మరోమాట అనవు. అందుకే రాస్తున్నాను. ఏం చూడాలో, ఎలా చూడాలో వివరంగా రాయి.

ఈ ఏడు మటన్‌బర్డ్‌లు బాగా కొవ్వుపట్టి ఉన్నాయి. ఉప్పులో ఊరేసిన పక్షుల్ని చిన్న పీపాతో పంపుతున్నాను. ఇంతకుమించి ఇక్కడ విశేషాలేమీ లేవు.

మీ అక్క,
థెల్మా


ఇన్వర్మే, లాన్సెస్టన్.
మే, 1979

అక్కా,

పక్షులు అందాయి. ఉడకబెడుతుంటే వీధి వీధంతా వాసన. పక్కింటావిడ కిటికీలు మూసుకుంది. మా డల్సీ బతికుంటే నన్నూ గిన్నెనీ కలిపి పెరట్లోకి తోలేది.

మెషిన్ సంగతి. చెయ్యి లోపల పెట్టేముందు ప్లగ్గు పీకెయ్. దీన్ని నువ్వు మరిచిపోతావు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. ప్లగ్గు పీకెయ్.

మొదట, నీళ్ళు పూర్తిగా పోతున్నాయో లేదో చూడు. అడుగున నీళ్ళు మిగిలితే అది తిరగదు. వెనక గొట్టం మెలిక పడిందేమో చూడు. కింద పంపు దగ్గర చిన్న జల్లెడ ఉంది, దాన్ని విప్పి కడుగు. మనుషుల జేబుల్లోంచి ఏమేం వస్తాయో నా అంత బాగా ఎవరికీ తెలియదు. పోయిన నెల ఒకావిడ మెషిన్లో వాళ్ళాయన కట్టుడుపళ్ళు దొరికాయి. పిల్లి ఎత్తుకుపోయిందని దాన్ని ఇంట్లోకి రానివ్వడం లేదట.

తరవాత, బరువంతా ఒకపక్కకి చేరిందేమో చూడు. దుప్పటి ఒక్కటే వేస్తే ముద్దకట్టి ఓ మూల కూర్చుంటుంది. విడదీసి చుట్టూ పరుచు.

ఆ తరవాత మూత. మూత కింద నాలుకలాంటి చిన్న ఇనపముక్క ఉంది. మూత వేస్తే అది ఒక స్విచ్చిని నొక్కుతుంది. నొక్కకపోతే, మూత తెరిచి ఉందనుకుని మెషిన్ ఆగిపోతుంది. చెక్క గరిటెతో నొక్కి చూడు. టిక్కుమనాలి.

ఇవి చూసి రాయి.

అయినా ఒంటిమనిషివి, అన్ని బట్టలు ఎక్కడివే నీకు? పూర్వం పదిహేను రోజులకోసారి ఉతుక్కునేదానివి.

ఇక్కడ షాపులో నేనొక్కణ్ణే. పని తగ్గలేదు. కూతురన్న మాటే గాని, జీనెట్ దగ్గర్నుంచి క్రిస్మస్ కార్డు తరవాత ఏమీ లేదు. దాని మీద తపాలా ముద్ర కూడా సరిగా పడలేదు. నీకేమన్నా రాసిందా? కిందటి ఉత్తరంలోనూ అడిగాను. నువ్వు దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు.

క్లైవ్


లేడీ బారన్.
జూన్, 1979

ఒరేయ్ క్లైవ్,

ఒంటిమనిషికి బట్టలుండవా? బురద, గొర్రెలు, కోళ్ళు, ఈ వాన. నా బట్టల లెక్క నీకెందుకు!

నువ్వు చెప్పినవన్నీ చూశాను. నీళ్ళు చుక్క మిగలకుండా పోతున్నాయి. జల్లెడలో పీచూ, ఒక పిన్నీసూ దొరికాయి. తీసినా ఫలితం లేదు. మూత కింద స్విచ్చి టిక్కుమంటోంది. అయినా అనుమానంగా ఉండి విప్పి చూస్తే లోపలి పాయింట్లు కొంచెం నల్లబడి ఉన్నాయి. సన్న గరుకు కాగితంతో రుద్దాక, వైరు అడ్డంగా కలిపి స్విచ్చి లేకుండా నడిపి చూసినా తేడా లేదు. కాబట్టి దోషం స్విచ్చిది కాదు. బెల్టు కూడా బాగానే ఉంది. బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగుతోంది. డ్రమ్ము ఖాళీగా ఉన్నప్పుడు గిర్రున తిరుగుతోంది. తడిబట్టలు వేస్తేనే తిరగదు. అంటే పట్టు ఎక్కడో జారుతోంది. డ్రమ్ము కింద గుండ్రటి డబ్బాలాంటిది ఉంది. దాని మూత రివెట్లతో బిగించేసి ఉంది. అటువంటిది ఏ కంపెనీ మెషిన్లోనూ ఉండదట. లోపల ఏం పెట్టావో తెలియకుండా పగలగొట్టడం మంచిది కాదని ఆగాం.

గాలికి నిన్న ఒక దిండుగలీబు ఎగిరి గొర్రెల మందలో పడింది. ఓ పొట్టేలు దాన్ని కొమ్ముకి తగిలించుకుని సాయంత్రం దాకా పెళ్ళికూతురిలా తిరిగింది. పట్టుకోబోతే పరుగు. నవ్వి నవ్వి నాకు ఆయాసం వచ్చింది. చాలాకాలం తరవాత ఈ ఇంట్లో నవ్వు వినపడింది.

అమ్మ పోయాక ఆ రాగి కాగు ఏమైందిరా? నువ్వు తీసుకెళ్ళావని నేను, నేను తెచ్చుకున్నానని నువ్వు అనుకున్నామా ఏమిటి? ఉంటే బాగుండేది. తెల్లబట్టలు దాన్లో ఉడికినట్టు ఇంకెందులోనూ ఉడకవు.

మిగతా సంగతులు మరోసారి.

థెల్మా


ఇన్వర్మే.
జూన్, 1979

అక్కా,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను.

మెషిన్ సంగతి ఎత్తిన మొదటి వాక్యంలో "చూశాం" అని రాసి, సున్న కొట్టేసి "చూశాను" అని దిద్దావు. ఆ పేరా చివర్లో "ఆగాం" దిద్దడం మరిచిపోయావు.

మా షాపుకి వచ్చిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్‌ని "ఆ పొడుగుది" అనేదానివి. ఇవాళ పాయింట్లు నల్లబడ్డాయంటున్నావు, వైరు అడ్డంగా కలిపానంటున్నావు. పోనీ ఆ వైట్‌మార్క్ మనిషి చెప్పాడనుకుందాం. కానీ బెల్టుని బొటనవేలితో నొక్కి అరంగుళం చూడటం పుస్తకాల్లో ఉండదు. అది నా పద్ధతి. నేను దాన్ని ఒక్కరికే నేర్పాను. స్కూలు నుంచి రాగానే స్టూలెక్కి నిలబడి నేర్చుకుంది.

పిన్నీసు సంగతి కూడా ఆలోచించాను. ఊడిన బొత్తాన్ని ఆ పూటే కుట్టేసే మనిషివి నువ్వు. పిన్నీసు పెట్టుకోగా ఎన్నడూ చూడలేదు. పసిపిల్లలున్న ఇళ్ళలో పంపు జల్లెడ విప్పితే మాకు మొట్టమొదట దొరికేవి పొత్తిగుడ్డలకి పెట్టే పిన్నీసులే. చలికాలంలో రోజూ ఉతకాల్సిన బట్టలు ఏ ఇంట్లో ఉంటాయో కూడా నాకు తెలుసు.

నేనేమీ అడగను. చెప్పొద్దని నీతో ఒట్టు వేయించుకుని ఉంటే ఆ ఒట్టు అలాగే ఉంచు. ఒక్కమాట రాయి. బాగుందా? అదొక్కటే.

ఆమె వెళ్ళిన రోజు నేను బెంచీ దగ్గర పనిలో ఉన్నాను. పని ముగించి తిరిగి చూస్తే లేదు. చేతి గుడ్డ మడతపెట్టి, పానాలన్నీ సైజు ప్రకారం పేర్చి వెళ్ళింది. స్నేహితురాలింటికి వెళ్ళి ఉంటుందనుకున్నాను. ఆదివారం దాకా అలాగే అనుకున్నాను. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలియదక్కా. వాళ్ళమ్మ పోయాక ఆ షాపులో ఉండలేకపోయిందేమో, ముసలాడితో విసుగెత్తిందేమో. అడగడానికి చిరునామా లేదు.

బెల్టు చూసిన మనిషికి చెప్పు. రివెట్ల జోలికి వెళ్ళకుండా ఆగడం మంచిపనైంది. లోపల ఏముందో రాస్తాను. ముందు నా ప్రశ్నకి జవాబు కావాలి.

క్లైవ్


లేడీ బారన్.
జూలై, 1979

క్లైవ్,

బాగుంది. ఇద్దరూ బాగున్నారు.

ఒట్టు నిజమే. నీ ఉత్తరం ఆమె ముందు పెట్టి, "ఇక నావల్ల కాదమ్మా, మీ నాన్న సున్నలు కూడా లెక్కపెడుతున్నాడు" అన్నాను. చాలాసేపు కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చుంది. చివరికి, "నీ ఇష్టం అత్తా" అంది. అందుకే రాస్తున్నాను.

వేసవి ముగిసేవేళకి వచ్చింది. చేపల పడవలో వచ్చి, సంచీ భుజాన వేసుకుని, రేవు నుంచి నడిచి వచ్చింది. అప్పటికే నిండు పొట్ట. మగపిల్లాడు పుట్టాడు. పేరు రోరీ. నీ చెవులే వాడికీ, పెద్దవి, ముందుకి వంగి. గాలికి ఊగుతాయేమో అనిపిస్తుంది. ఆకలేస్తే వాడు పెట్టే కేక వింటే గొర్రెలు సైతం మేత ఆపేస్తాయి. తండ్రి మంచివాడేనట, కానీ కలిసి బతకాలనిపించలేదట. నేనింతకంటే అడగలేదు. నువ్వూ అడక్కు.

కానీ ఒక సంగతి నిన్ను అడక్కుండా ఉండలేను. ఏం తప్పు చేశానో తెలియదని రాశావే, అది చదివినప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. తెలియకపోవడమేమిట్రా? ఆ రోజు అది నీ వెనకే నిలబడి చెప్పింది. "నాన్నా, నాకు బిడ్డ పుట్టబోతోంది. పెళ్ళి మాత్రం చేసుకోను" అంది. ఆ మాట చెప్పడానికి వారంరోజులు ధైర్యం కూడగట్టుకుందట. నువ్వు వెనక్కి తిరగలేదు. పని ఆపలేదు. కాసేపు చూసి, "అయితే నన్ను వెళ్ళిపొమ్మంటావా?" అని అడిగింది. నువ్వు తలాడించావు. అవునన్నట్టు, ఇటు చూడకుండానే తలాడించావు.

తిట్టినా పడేదాన్నత్తా, అంది నాతో. స్పానరు విసిరికొట్టినా ఊరుకునేదాన్ని. అలా తలాడించి పంపేశాడు, అంది.

ఎందుకు చేశావురా ఆ పని? మన నాన్న ఎంత మొండివాడైనా, నేను హోరెస్‌ని చేసుకుంటానన్నప్పుడు ఊరంతా వినేలా అరిచాడు. సాయంత్రానికి చల్లబడి తనే వచ్చి, ఆ కుర్రాడికి గొర్రెల ఉన్ని కత్తిరించడం వచ్చా అని అడిగాడు. నువ్వు అరవనైనా లేదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను. మెషిన్ గురించి రాయకపోయినా ఫరవాలేదు.

థెల్మా


ఇన్వర్మే.
జూలై, 1979

అక్కా,

నాకు వినపడలేదు.

ఇంకెలా రాయాలో తెలియక పొద్దుటినుంచీ కాగితాలు చింపుతున్నాను. నాకు వినపడలేదు. ఆ రోజు బెంచీ మీద నా ఎదురుగా మెషిన్ తిరుగుతోంది. పూర్తి వేగంలో ఉంది. బేరింగు చప్పుడు చేస్తోందని ఎవరో ఇచ్చి వెళ్ళారు. ఆ చప్పుడు నాకు చెవితో తెలియదు, అందుకని చేతులు రెండూ దాని మీద ఆనించి చూస్తున్నాను. ఆమె వెనక ఉన్నట్టు కూడా నాకు తెలియదు.

యుద్ధం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఎడమ చెవి లేదు. మూడేళ్ళు ఫిరంగి పక్కన నిలబడ్డాను కదా. కుడిది కూడా ఏడాదికి కొంచెం చొప్పున పోయింది. డల్సీకి తెలుసు. ఎప్పుడూ నా కుడిపక్కన కూర్చునేది. ఎవరైనా ఏమైనా అడిగితే మళ్ళీ ఆ మాటే తను అంటూ నాకు అందించేది. ఎవరికీ తెలియనివ్వలేదు. తను పోయాక అందించేవాళ్ళు లేరు. షాపుకి వచ్చినవాళ్ళ పెదాలు చూస్తాను. ఎలాగూ అందరూ అడిగేది ఎప్పటికి అవుతుందనే. అర్థం కాకపోతే తలాడిస్తాను. తలాడిస్తే మనుషులు సంతోషించి వెళ్ళిపోతారక్కా. అది అలవాటైపోయింది. తల దానంతటదే ఆడుతుంది. ఆ రోజు మెషిన్ అదురుకి ఆడిందో, బేరింగు దొరికిందని ఆడిందో నాకు తెలియదు.

ఇది సాకులా ఉంటుందని తెలుసు. రుజువు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

రోరీ అని పేరు పెట్టడం బాగుంది. పెదాల మీద స్పష్టంగా కనిపించే పేరు.

మెషిన్ సంగతి. నువ్వు రాయకపోయినా ఫరవాలేదన్నావు గాని, పిల్లాడి బట్టలు తడిగా ఉండకూడదు. ఆ డబ్బాలో రెండు ఇనప పళ్ళేలు ఉంటాయి. ఒకటి మోటారుతో తిరుగుతుంది, రెండోది డ్రమ్ముది. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే డ్రమ్ము తిరిగేది. రెండు మెషిన్ల కొలతలు కలవక మధ్యలో ఖాళీ మిగిలితే తోలు అతికించాను. నాన్న పాత బూటు నాలుక అది. ఆ తోలు ఇప్పుడు నున్నబడిపోయి ఉంటుంది. ఖాళీ డ్రమ్మునైతే తిప్పుతుంది, తడిబట్టల బరువుకి జారిపోతుంది. రివెట్లు ఉలితో కొట్టెయ్యొచ్చు. పాత తోలు గీకేసి, మందమైన కొత్త తోలు, గరుకువైపు పైకి ఉండేలా అతికించాలి. ఒక రోజంతా బరువు కింద ఉంచాలి. రివెట్లకి బదులు బోల్టులు పెట్టమను. మళ్ళీ విప్పుకోవడానికి వీలుగా ఉంటుంది. అప్పుడే బోల్టులు పెట్టవలసింది. మళ్ళీ విప్పాల్సి వస్తుందని తోచలేదు.

ఇవన్నీ ఆమెకి చదివి వినిపించు. మొదటి సగం కూడా.

క్లైవ్


లేడీ బారన్.
ఆగస్టు, 1979

తమ్ముడూ,

చదివి వినిపించాను. ఒక్కమాట వదలకుండా, మొత్తం.

వింటూ పిల్లాడి బట్టలు మడతపెడుతోంది. సగంలో చేతులు ఆగిపోయాయి. అయిపోయాక, "నిజంగానే వినపడలేదా అత్తా? ఇప్పుడు కల్పించింది కాదు కదా?" అని అడిగింది. దాని అనుమానం దానిది. నేను పొయ్యి దగ్గరికెళ్ళి టీ కాచుకుంటూ ఆలోచించాను. అప్పుడు డల్సీ అంత్యక్రియలు గుర్తొచ్చాయి. పాదిరిగారు నీవైపు వంగి, "నాలుగు మాటలు చెబుతావా క్లైవ్?" అని అడిగారు. నువ్వు తలాడించావు. ఆయన పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. నువ్వు కూర్చున్నచోటే కూర్చున్నావు. గుడి నిండా జనం ఎదురుచూశాం. చివరికి ఆయనే ప్రార్థన మొదలుపెట్టాడు. దుఃఖంలో ఉన్నాడు పాపం అని అందరం ఏడ్చాం. నీకు ఆ ప్రశ్నే అందలేదన్నమాట.

ఇది చెబితే జీనెట్ గభాలున కూర్చుంది. "నేను అమ్మ స్థలంలో, కుడిపక్కన కూర్చున్నాను ఆ రోజు. నేను అందించాల్సింది" అంది. అప్పుడు ఏడ్చింది. వచ్చిన తరవాత ఈ ఇంట్లో ఏడవడం అదే మొదలు. కనేటప్పుడు కూడా ఏడవలేదు. నర్సుని తిట్టిందంతే.

నువ్వు వినిపించుకోని మనిషివనుకున్నాం రా, ఇన్నేళ్ళూ. వినపడని మనిషివని ఒక్కరికీ తట్టలేదు. ఫోన్‌లో నీ "ఊ, ఊ"లకి నేను ఎన్నిసార్లు కోపంగా రిసీవరు పెట్టేశానో తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అయినా నీకు బుద్ధుందా? చెవుడు దాచుకోవడానికి అది దొంగసొత్తా? కళ్ళజోడు పెట్టుకోవడంలేదూ ముక్కుమీద?

ఇక పని సంగతి. జీనెట్ మెషిన్‌ని పడుకోబెట్టి, ఉలితో రివెట్లు ఎగరగొట్టింది. డబ్బా మూత ఊడిరాగానే లోపల ఆ తోలు ముక్క, నల్లగా, అద్దంలా మెరుస్తూ. గీకుతుంటే ఒక అంచున బూటుతాళ్ళ చిల్లులు రెండు కనిపించాయి. నాన్న ఆ బూట్లు విప్పి పొయ్యి పక్కన పెడితే ఇల్లంతా తడి మట్టివాసన వేసేది. జీనెట్‌కి తాతయ్య తెలియదుగా. ఆ చిల్లుల్లో వేలు పెట్టి, ఎంత పొడుగుండేవాడు, ఎలా నవ్వేవాడు అని అడిగింది. మధ్యాహ్నమంతా స్కాట్స్‌డేల్ కబుర్లే. నీ బొత్తాల కథ కూడా చెప్పాను. చిన్నప్పుడే నానమ్మ అలా కూర్చోబెట్టిందా, అందుకా నాన్న పానాలన్నీ సైజు ప్రకారం పేర్చమని నా ప్రాణం తీసేవాడు, అంది జీనెట్.

కొత్త తోలుకి మా ఆయన జీను కోసి ఇచ్చాను. గుర్రమే లేనప్పుడు జీను ఎందుకు? నిన్న మొత్తం బిగించి, పిల్లాడి బట్టలు, నా దుప్పట్లు, తన ప్యాంట్లు, తడివన్నీ ఒకేసారి కుక్కి నడిపించింది. మూలిగింది. ఆగింది. మా ఇద్దరి ఊపిరీ ఆగింది. అప్పుడు మెల్లిగా కదిలి, వేగం అందుకుని, గదిలో గిన్నెలన్నీ గలగలలాడేంత గట్టిగా తిరిగింది. రోరీ భయపడతాడనుకున్నాం. ఆ మోతకి హాయిగా నిద్రపోయాడు. మీ వంశమే అంత.

కింద జీనెట్ పెన్సిలుతో ఏదో రాస్తానంటోంది. నేను చూడను.

థెల్మా

నాన్నా, బోల్టులు పెట్టాను. బెల్టు ఒకరవ్వ బిగించాను. విమానంలో వస్తే గంటలోపు ప్రయాణం. సెప్టెంబరులో గొర్రెపిల్లలు పుడతాయి, అత్తకి సాయం కావాలి. నీకు కుదిరితే రా. నేనింకా కోపంగానే ఉన్నాను, కానీ దేనిమీదో తెలియడం లేదు. జీ.


ఇన్వర్మే.
అక్టోబరు, 1979

అక్కా,

క్షేమంగా చేరాను. ఆ చిన్న విమానంలో పైలట్ నా పక్కనే కూర్చుని దారిపొడుగునా ఏదో చెప్పాడు. కొత్తగా కొన్న చెవి యంత్రంలో ఇంజను మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. "నాకు వినపడటం లేదు బాబూ" అని చెప్పేశాను. అతను నవ్వి, చేత్తో కిందికి చూపించాడు. మీ కొండలూ, తెల్ల ఇసుకా, నీ రేకుల కప్పూ. అదే చూపిద్దామనుకున్నాడట.

దీవిలో ఉన్నన్నాళ్ళూ మనిద్దరం మాట్లాడుకున్నవి నీకు తెలుసు. ఒక్కటి తెలియదు. చివరి రోజు నువ్వు తల్లిని కోల్పోయిన ఆ గొర్రెపిల్లకి పాలసీసా తీసుకుని దొడ్లోకి వెళ్ళావు. మేమిద్దరం వంటింట్లో ఉన్నాం. పిల్లాడు నా ఒళ్ళో ఉన్నాడు. జీనెట్ వచ్చి నా కుడిపక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాన్నా, ఆ రోజు వినపడి ఉంటే ఏమనేవాడివి?" అంది.

వారం రోజులుగా ఆ ప్రశ్న వస్తుందని భయపడుతూనే ఉన్నాను. మంచి జవాబు ఒకటి తయారు చేసుకుని కూడా ఉంచాను. తీరా దాని మొహం చూశాక ఆ జవాబు పక్కన పెట్టేశాను.

"నిజం చెప్పమంటావా?" అన్నాను.

"ఆఁ."

"మంచిమాట అని ఉండేవాణ్ణి కాదమ్మా. ఎవడు వాడు అని అరిచేవాణ్ణి. మీ అమ్మ ఉంటే ఇలా జరిగేదా అనేవాణ్ణి. నీకు గుచ్చుకునే మాటే వెతికి మరీ అనేవాణ్ణి."

"తరవాత?"

"నాలుగు రోజులు మొహం మాడ్చుకుని తిరిగేవాణ్ణి. ఆ తరవాత ఏదో ఒక మెషిన్ విప్పి, గేరు పట్టుకోవడానికి రమ్మని నిన్నే పిలిచేవాణ్ణి."

అది వంగి పిల్లాడి చెవి సవరించింది. "నేను లెక్క వేసుకున్నది కూడా అంతే. నాలుగు రోజులు పడదామనే వచ్చాను ఆ రోజు" అంది. ఆ తరవాత నా కాలర్ మడత సరిచేసి, లేచి, బట్టలు తేవడానికి బయటికి వెళ్ళింది. మబ్బు పట్టింది, గాలి లేచింది, చినుకులు మొదలయ్యాయి.

నేను పిల్లాణ్ణి ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. దండెం మీద దుప్పట్లు తెరచాపల్లా కొట్టుకుంటున్నాయి. అది ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది. రెండు చేతుల నిండా బట్టలతో ఇటు తిరిగి ఏదో అరిచింది. చెవి యంత్రం గాలికి ఈల వేస్తోంది. పెదాలు జుట్టు కప్పేసింది. ఒక్కమాటా అందలేదక్కా. తల ఆడబోయింది. నిజంగా ఆడబోయింది, నాకే తెలిసింది.

తలుపు తీసుకుని, పిల్లాణ్ణి కోటులో పొదువుకుని, వానలోకి దిగాను. దాని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏమన్నావమ్మా?" అని అడిగాను.

"బుట్ట తెమ్మన్నాను నాన్నా, బుట్ట! పిల్లాణ్ణి తడిపేస్తున్నావేంటి, లోపలికి నడు!" అంది.

వెళ్ళి తెచ్చాను.

క్లైవ్